కంప్యూటరుకు నీళ్ళ చలువ – మన ఎండల్లో ఒక అనుభవం

(సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకోవలసిన వేదిక మీద కంప్యూటరు గొడవ ఏమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. కార్యదర్శి గారు పట్టుబట్టి నన్ను ఇక్కడ నిలబెట్టడానికి కారణం ఉంది. మన ఇళ్ళలో కొడుకులో, కోడళ్ళో, బిడ్డలో ఇంటి నుంచే పని చేసేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. కరీంనగర్‌లో 2020లో ఐటీ టవర్ వచ్చిన తరువాత కూడా ఎక్కువమంది ఇంటి మేడ మీది గదిలోనే కూర్చుని హైదరాబాదు పనో, బెంగుళూరు పనో చేస్తున్నారు. మే నెల రాగానే మధ్యాహ్నం రెండు గంటలకు కంప్యూటరు దానంతట అది బందయిపోతుంది. అప్పుడు షాపు వాళ్ళు "వాటర్ కూలింగ్ కిట్ పెట్టించండి సార్" అంటారు. ఖర్చు ఎంత అంటే పదివేల నుంచి యాభై వేల దాకా చెప్తారు. ఆ డబ్బు చాలా ఇళ్ళలో మన పెన్షన్ నుంచే పోతుంది. కనుక ఆ కిట్ అంటే ఏమిటో, ఎవరికి అవసరమో, పెట్టించుకుంటే ఎట్లా పెట్టించుకోవాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

కంప్యూటరు నా విద్య కాదు. నేను రామగుండంలో టర్బైన్ మెయింటెనెన్స్‌లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాడిని. అయితే నీళ్ళతో వేడిని తీసివేయడం అనే పని మన ఉభయ జిల్లాల వారికి కొత్తది కాదు. గోదావరి ఒడ్డున మనం చేసిందంతా అదే కదా. రామగుండంలో 1971 నాటి 62.5 మెగావాట్ల బి-స్టేషన్ 2024లో మూతపడిందనుకోండి, ఎన్టీపీసీ మొదటి యూనిట్ 1983లో మొదలైంది, ఆవల జైపూర్‌లో సింగరేణి వారి రెండు 600 మెగావాట్ల యూనిట్లు 2016లో వచ్చాయి. ఎక్కడైనా సూత్రం ఒకటే. బొగ్గు మండిస్తే వచ్చిన వేడిలో కరెంటుగా మారేది సగం కంటే తక్కువ. కండెన్సర్ ద్వారా నీళ్ళలో కలిసిపోయే వేడి, మనం తయారుచేసిన కరెంటు కంటే ఎక్కువ. ఈ సంగతి మనలో టర్బైన్ పక్కన చెమటలు కక్కినవారికి చెప్పనక్కరలేదు. 500 మెగావాట్ల జనరేటర్‌లో స్టేటర్ తీగల లోపల నుంచే డీఎం వాటర్ పారుతుంది. అంత కరెంటు మోసే రాగి కడ్డీల లోపల నీళ్ళేమిటని కొత్తగా చేరిన పిల్లలు నోరు తెరిచేవారు. ఖనిజాలన్నీ తీసివేసిన నీరు కరెంటును దాదాపు మోయదు, అందుకని అది సాధ్యం. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

నీళ్ళే ఎందుకు? ఒకే డబ్బా నిండా గాలి, అదే డబ్బా నిండా నీరు తీసుకుని ఒక్క డిగ్రీ వేడెక్కనిస్తే, నీరు గాలి కంటే సుమారు 3500 రెట్లు ఎక్కువ వేడిని మోస్తుంది. పెద్ద కంప్యూటర్లు తయారుచేసేవారు ఎప్పుడో ఈ దారి పట్టారు. 1980లో ఐబీఎం ప్రకటించిన 3081 అనే యంత్రంలో చిప్పుల వేడిని చల్లని నీళ్ళే మోసుకుపోయేవి. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటరులో మొత్తం పలకలనే కరెంటు మోయని ఒక ద్రవంలో ముంచి ఉంచారు. ఇంట్లో బల్ల మీది కంప్యూటరు వరకు వస్తే, ఆపిల్ వారు 2004లో ఒక పవర్ మ్యాక్ మోడల్‌ను ద్రవంతో చల్లబరిచే ఏర్పాటుతోనే అమ్మారు. అందులో కొన్ని తరువాత కారాయి కూడా. కనుక ఇది నిన్న మొన్నటి షోకు కాదు, అట్లాగని కళ్ళు మూసుకుని కొనవలసిన సరుకూ కాదు.

ఇప్పుడు అసలు తికమక దగ్గరికి వస్తాను. వాటర్ కూలింగ్ అనగానే మనకు గుర్తుకువచ్చేది గడ్డి పెట్టిన ఎయిర్ కూలర్. దానికంటే ముందు రంజన్. మన ఆదిలాబాద్ పల్లెల్లో ఎండాకాలం పూట రంజన్‌లో నీళ్ళు ఎట్లా చల్లబడతాయి? మట్టి గోడలోంచి నీరు ఊరి, బయటికి వచ్చి, ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. కూలర్‌దీ అదే పద్ధతి, కూలింగ్ టవర్‌దీ అదే పద్ధతి. వీటన్నిటిలో నీరు ఖర్చవుతుంది, బదులుగా బయట గాలి కంటే చల్లదనం దొరుకుతుంది. బయట 44 డిగ్రీలున్నా రంజన్ నీళ్ళు చల్లగా ఉండే రహస్యం అది.

కంప్యూటరు కిట్‌లో ఆవిరి లేదు. అది లారీ రేడియేటర్ జాతి. నీళ్ళు మూసిన గొట్టాల్లో తిరుగుతాయి, ఒక్క చుక్క బయటికి రాదు, ఖర్చు కాదు. ప్రాసెసర్ మీద ఒక రాగి పలక ఉంటుంది, దాని వెనుక సన్నని గాట్ల మధ్యలో నుంచి ద్రవం పారి వేడెక్కుతుంది, చిన్న పంపు దాన్ని రెండు రబ్బరు గొట్టాల గుండా రేడియేటర్‌కు పంపుతుంది, అక్కడ రెండో మూడో ఫ్యాన్లు గాలి కొట్టి చల్లబరుస్తాయి, తిరిగి పలక దగ్గరికి వస్తుంది. కనుక ఆ నీరు ఎన్నటికీ గది గాలి కంటే చల్లగా కాలేదు. గది 42 ఉంటే నీరు 42కు పైనే ఉంటుంది. పోయిన యేడు ఒక మిత్రుడు నాతో వాదించాడు: "అంత డబ్బు పెట్టి నీళ్ళు పెట్టిస్తే చల్లగా ఎందుకు కాదయ్యా?" అని. కిట్ వేడిని పుట్టించిన చోటు నుంచి తీసి ఇంకో చోట వదులుతుంది, అంతే. వదిలే చోటు మీ గదే. 200 వాట్లు తాగే కంప్యూటరు, గాలితో చల్లబరిచినా నీళ్ళతో చల్లబరిచినా, పాత కాలపు వంద క్యాండిళ్ళ బల్బులు రెండు వెలిగించినంత వేడిని ఆ గదిలోకే పోస్తుంది.

లెక్క ఇట్లా వేసుకోవాలి. మంచి కిట్ పెట్టి, ప్రాసెసర్ 200 వాట్ల దాకా తాగుతున్నప్పుడు నీరు గది గాలి కంటే పది పన్నెండు డిగ్రీలు పైకి పోతుంది. ప్రాసెసర్ లోపలి వేడి నీటి కంటే మరో ముప్పై నలభై డిగ్రీలు పైన ఉంటుంది. జనవరిలో ఆదిలాబాద్ గది 20 డిగ్రీలుంటే ప్రాసెసర్ 65, 70 దగ్గర హాయిగా ఉంటుంది. మే నెలలో అదే గది 42 ఉంటే అదే పనికి 90 దాటుతుంది. గదిలో పెరిగిన ప్రతి డిగ్రీ లోపల కూడా అంతే డిగ్రీ పెంచుతుంది. ఇంటర్‌నెట్‌లో చలిదేశాల వారు చేసిన పరీక్షలు చూసి మన పిల్లలు కిట్ ఎంచుకుంటారు. ఆ పరీక్షలు 20, 25 డిగ్రీల గదిలో చేసినవి. ఆ అంకెలకు పదిహేను, ఇరవై కలుపుకుంటే గానీ అది మన ఊరి అంకె కాదు.

ప్రాసెసర్ మరీ వేడెక్కితే కాలిపోదు. నేటి ప్రాసెసర్లు 95 కో 100 కో చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. మనం మే నెల మధ్యాహ్నాల్లో చూడలేదా? ఏ థర్మల్ కేంద్రంలోనైనా చల్లబరిచే నీళ్ళు వేడిగా వస్తే కండెన్సర్ వాక్యూమ్ పడిపోతుంది, లోడ్ తగ్గుతుంది. ఇదీ అంతే. వేగం తగ్గినా తట్టుకోలేని స్థితి వస్తే పూర్తిగా ఆగిపోతుంది.

నా బిడ్డ సంగతి చెప్తే ఇంకా తేలికగా అర్థమవుతుంది. ఆమె ఆదిలాబాద్‌లో ఉంటుంది. ఇళ్ళు కట్టేవారికి కట్టకముందే ఇల్లు ఎట్లా కనబడుతుందో కంప్యూటరులో బొమ్మలు తయారుచేసి ఇచ్చే పని. ఒక్కో బొమ్మకు యంత్రం మూడు నాలుగు గంటలు ఆగకుండా పూర్తి లోడ్ మీద నడవాలి. 2024 మే నెలలో ఫోన్ చేసింది. "బాపూ, మధ్యాహ్నం మొత్తం పని అయితలేదు. రెండు గంటలకొకసారి బందయితాంది. సోమారం లోపల ఇయ్యకపోతే ఆ పని ఇంకొకరికి ఇస్తమన్నరు" అన్నది. అల్లుడు షాపులో అడిగితే రంగురంగుల లైట్లు, గట్టి గొట్టాలు, విడిభాగాలు కొని బిగించే కిట్‌కు 42,000 అన్నారట. ఆ పని పోతే నెలకు ఇంట్లోకి వచ్చే ఆదాయంలో సగం పోతుంది. ఆ మాట ఆమె అనలేదు గాని నాకు తెలుసు.

మరునాడు పొద్దున్నే బస్సెక్కాను. పాత అలవాటు కొద్దీ థర్మామీటరు ఒకటి సంచిలో వేసుకుపోయాను. రెండో అంతస్తు గది, పైన ఉత్త స్లాబు. మధ్యాహ్నం మూడింటికి గది మధ్యలో 41 డిగ్రీలు. కంప్యూటరును చెక్క బల్ల కింద, మూడు వైపులా మూసిన అరలో పెట్టారు. ఆ అర లోపల 49. అంటే ఆ యంత్రం పీల్చుకునే గాలే 49 డిగ్రీలన్నమాట. ఆ పైన, ఆదిలాబాద్ కదా, ఫ్యాన్ రెక్కల మీద, జాలీ మీద దుమ్ముతో పాటు దూది నూగు పొరగా పట్టి ఉంది. జిన్నింగు మిల్లుల ఊరిలో ఇది అందరి ఇళ్ళలో ఉండేదే. గోదావరిఖని వైపు దూది బదులు బొగ్గు మసి. కండెన్సర్ ట్యూబులకు పాచి పట్టినట్టు ఇది కూడా వేడిని బయటికి పోనివ్వదు.

మొదట పైసా ఖర్చు లేని పనులు చేశాము. యంత్రాన్ని అరలోంచి తీసి, కిటికీ పక్క స్టూలు మీద, నేలకు అడుగున్నర ఎత్తున పెట్టాము. బ్రష్షుతో, బ్లోయరుతో దుమ్ము తీశాము. బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకుంటే అడ్డగోలుగా తిరిగి బేరింగు పాడవుతుంది. ఒక్క దీనితోనే అదే పనికి అదే సమయంలో పది డిగ్రీలు తగ్గింది. బందవడం ఆగింది కాని వేగం తగ్గించుకోవడం ఆగలేదు.

రెండో పని బయోస్ అనే లోపలి సెట్టింగులలో. ఆమెది పన్నెండు కోర్ల పెద్ద ప్రాసెసర్, పూర్తి లోడ్ మీద 230 వాట్ల దాకా తాగుతుంది. అందులో 'ఎకో మోడ్' అని ఒకటి ఉంటుంది. అది పెడితే 140 వాట్ల దగ్గర ఆగుతుంది. వాట్లు ఇంత తగ్గినా పని వేగం తగ్గేది కొద్దిగానే. చివరి కొసరు వేగం కోసమే ఈ యంత్రాలు అంత కరెంటు తాగుతాయి. షాపుల్లో ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు. కొనడానికి ఏమీ లేదు కదా మరి. ఇంటెల్ ప్రాసెసర్లలోనూ వాట్ల పరిమితి తగ్గించే సెట్టింగు చాలా మదర్‌బోర్డులలో ఉంటుంది.

ఇంత చేశాక కూడా నీళ్ళ కిట్ అవసరమా అని ఆ రాత్రి ముగ్గురం కూర్చుని ఆలోచించాము. చాలా ఇళ్ళకు అవసరం లేదనే నా అభిప్రాయం. 65 వాట్ల ప్రాసెసర్ ఉండి, లెక్కలు, ఉత్తరాలు, పిల్లల ఆన్‌లైన్ పాఠాలు చేసుకునే యంత్రానికి కంపెనీ ఇచ్చిన ఫ్యానే చాలు. కొంచెం భారీ పని ఉంటే రాగి గొట్టాలు, రేకులు ఉన్న టవర్ రకం ఎయిర్ కూలర్ రెండు మూడు వేలలో వస్తుంది. అందులో ఆగిపోయేది ఒక్క ఫ్యాను, అది నాలుగైదు వందలకు దొరుకుతుంది. కారేది ఏమీ లేదు. మా అమ్మాయికి మాత్రం గంటల తరబడి పూర్తి లోడ్. రాత్రి పదకొండు దాటాక పని మొదలుపెడితే పక్కనే పడుకున్న పిల్లవాడు ఫ్యాన్ల మోతకు లేస్తాడు. పెద్ద రేడియేటర్ అయితే మూడు ఫ్యాన్లూ నిదానంగా తిరిగి అదే వేడిని తీసివేస్తాయి. ఆ కారణంగా కిట్ కొందామని నిశ్చయించుకున్నాము.

ఏ కిట్? విడిభాగాల కిట్ వద్దన్నాను. పంపు, తొట్టి, గొట్టాలు, జాయింట్లు అన్నీ వేరువేరుగా కొని బిగించేది అది. చూడ్డానికి కన్నుల పండుగే. కాని ప్రతి జాయింటూ రేపటి లీకేజీ. ఏడాదికొకసారి నీరు మార్చాలి. బిగించిన తరువాత కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే ఒక రోజంతా నడిపి, కింద తెల్ల కాగితాలు పరచి చూడాలి. నలభై ఏళ్ళ వయసులో నేనైతే ఉత్సాహపడేవాడినేమో. ఇంట్లో జీవనాధారం అయిన యంత్రానికి ఫ్యాక్టరీలోనే నింపి మూసివేసి వచ్చే కిట్ మేలు. దాన్నే ఆల్-ఇన్-వన్ అంటారు. అందులో నీళ్ళు పోయడం, తీయడం ఉండదు.

అందులో ఉండేది కూడా ఉత్త నీరు కాదు, గ్లైకాల్, తుప్పు పట్టనివ్వని మందు కలిసిన ద్రవం. ఎందుకంటే పలక రాగి, రేడియేటర్ ఎక్కువగా అల్యూమినియం. రెండు లోహాలు ఒకే నీళ్ళలో ఉంటే ఒకదాన్ని ఒకటి తింటాయని మనకు తెలుసు. డీఎం వాటర్ సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఎవరైనా "నీళ్ళు తగ్గాయి, ఇప్పి పోద్దాం" అని బోరు నీళ్ళు పోస్తే, కూలర్ గడ్డికి పట్టే తెల్ల ఉప్పే ఆ సన్నని గాట్లకు పడుతుంది. కూలర్ గడ్డి రెండు వందలకు మార్చుకోవచ్చు, దీన్ని మార్చలేము.

సైజులు ఫ్యాన్ల లెక్కన ఉంటాయి. 120 అంటే ఒక ఫ్యాను, 240 అంటే రెండు, 360 అంటే మూడు. మన ఎండలకు 120 దండుగ, మంచి ఎయిర్ కూలర్ దానికంటే నయం. 240 కిట్లు ఆరు నుంచి తొమ్మిది వేల దాకా, 360 కిట్లు తొమ్మిది పదివేల నుంచి మొదలై ఆ పైన ఎంతైనా ఉన్నాయి. లైట్లకూ, చిన్న తెరకూ ఇచ్చే డబ్బు ఒక్క డిగ్రీ కూడా తగ్గించదు. వారంటీ ఐదారేళ్ళు ఉన్నదేనా, కారితే పాడైన ఇతర భాగాలకు కూడా బాధ్యత ఉందా అని కాగితం మీద చూడండి.

కొనే ముందు టేపు పట్టుకుని డబ్బాను కొలవాలి. ఇది చాలామంది వదిలేసే పని. 360 రేడియేటర్ పేరుకు 360 గాని, తలకాయలతో కలిపి దాదాపు 400 మి.మీ. పొడవు ఉంటుంది. మందం 27, ఫ్యాను 25, రెండూ కలిపి 52 మి.మీ. డబ్బా పైకప్పుకూ మదర్‌బోర్డుకూ మధ్య అంత సందు ఉండాలి. ర్యామ్ కార్డులు ఎత్తుగా ఉంటే తగులుతాయి. మా అమ్మాయి డబ్బాలో పైన అర అంగుళం మిగులుతుందని తేలాక 360 రకం, లైట్లు లేనిది, 11,000 లోపు తెప్పించాము.

బిగించిన రోజు ఆదివారం. భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచాము. నా చేతులు ఇప్పుడు సన్న స్క్రూలకు వణుకుతాయి, అందుకని టార్చి నేను పట్టుకున్నాను, బిగించింది అమ్మాయి, స్క్రూలు గిన్నెలో లెక్కబెట్టి పెట్టింది మనుమడు. వైరు పీకి, డబ్బా ఇనుమును తాకి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోగొట్టుకున్నాకే లోపల చేయి పెట్టాలి. పాత కూలరు తీసే ముందు పది నిమిషాలు యంత్రం నడిపితే పేస్టు మెత్తబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు గుంజితే పాత రకం ఏఎం4 ప్రాసెసర్లు సాకెట్‌లోంచి కూలరుతో పాటే ఊడివస్తాయి, కాళ్ళు వంగుతాయి. గుంజకుండా కొంచెం అటు ఇటు తిప్పాలి.

పాత పేస్టును స్పిరిట్ ముంచిన బట్టతో తుడిచాక కొత్త పేస్టు శనగ గింజంత పెడితే సరిపోతుంది. గారెకు వెన్న పూసినట్టు పూయనక్కరలేదు. రాగి పలక మీద ఒక పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి వస్తుంది. అది తీయకుండా బిగించినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారట. మా మనుమడికి దాన్ని పీకే ఉద్యోగం ముందే అప్పగించాను.

పలకకు నాలుగు స్క్రూలు. ఇక్కడ నాకు నోరు ఊరుకోలేదు. "ఒక్కటే పూర్తిగా బిగించకు బిడ్డా, ఎదురెదురు మూలలు రెండేసి చుట్లు తిప్పుకుంటూ రా" అన్నాను. ఫ్లాంజి బోల్టులు బిగించే పద్ధతే. ఒక పక్క ముందు బిగిస్తే పలక ఒరిగి ఒక మూల గాలి మిగులుతుంది. "తాతా, టర్బైన్‌కు కూడా ఇట్లనేనా?" అని మనుమడు అడిగాడు. అక్కడ బోల్టు నీ తొడంత ఉంటుందిరా అన్నాను.

రేడియేటర్‌ను పైకప్పుకు, ఫ్యాన్లు గాలిని పైకి తోసేటట్టు పెట్టాము. ఫ్యాన్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, గాలి ఎటు పోతుందో అది చెప్తుంది. ముందువైపు పెడితే గది గాలి నేరుగా అందుతుంది గాని, ఆ వేడి గాలి మొత్తం గ్రాఫిక్స్ కార్డు మీదికి పోతుంది. ఎక్కడ పెట్టినా పంపు అన్నిటికంటే ఎత్తులో ఉండకూడదు. మూసిన గొట్టాల్లోనూ కొంచెం గాలి ఉంటుంది, అది ఎత్తైన చోటికి చేరుతుంది. అది రేడియేటర్ పై భాగంలో ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పంపులో చేరితే గరగర చప్పుడు చేసి పంపు త్వరగా అరిగిపోతుంది. పంపులోకి గాలి పోతే ఏమవుతుందో మన పంప్ హౌస్ మిత్రులను అడగండి. ఫ్యాన్లకు ఇచ్చిన స్క్రూలే వాడాలి, పొడవు స్క్రూ వేస్తే రేడియేటర్ గొట్టానికి చిల్లు పడుతుంది.

పంపు వైరును మదర్‌బోర్డు మీద పంపు అని రాసి ఉన్న చోట పెట్టి, ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగేటట్టు సెట్ చేశాము. అది తాగేది నాలుగైదు వాట్లే. ప్రాసెసర్ ఫ్యాన్ అని రాసి ఉన్న చోట ఏదీ పెట్టకపోతే ఆన్ చేయగానే ఫ్యాన్ లేదని హెచ్చరిక వచ్చి ఆగుతుంది. రేడియేటర్ ఫ్యాన్లలో ఒకదాన్ని అక్కడ పెట్టాము.

మరునాడు మధ్యాహ్నం మూడింటికి, గది 40 డిగ్రీలు, ఎకో మోడ్, పూర్తి లోడ్ మీద గంట నడిచాక ప్రాసెసర్ 78 దగ్గర నిలబడింది. ఎకో మోడ్ తీసేస్తే పావుగంటలో 93. మళ్ళీ పెట్టించాను. సోమవారం పని సాయంత్రానికి వెళ్ళిపోయింది.

కిట్ ప్రాసెసర్ ఒక్కదాన్నే చల్లబరుస్తుంది. పాత ఫ్యాను తన చుట్టూ ఉన్న భాగాలకు కూడా కొంత గాలి తగిలించేది, ఇప్పుడు అది లేదు. కనుక డబ్బా ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి తెచ్చేవి ఉండి తీరాలి. గది వేడి గదిలోనే తిరగకుండా కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాము. నన్నడిగితే మేడ గదిలో పనిచేసేవారు కిట్ కంటే ముందు స్లాబు మీద సున్నమో, తెల్ల రంగో వేయించాలి. మనిషికీ చలువే. రామగుండం రిజర్వాయరు మీద ఎన్టీపీసీ వారు 2022లో పూర్తిచేసిన 100 మెగావాట్ల తేలే సోలార్ ప్యానెళ్ళు చూశారు కదా. నీటి మీద ఉన్నందువల్ల అవి నేల మీది ప్యానెళ్ళ కంటే చల్లగా ఉండి మెరుగ్గా పనిచేస్తాయి. యంత్రం చుట్టూ ఉన్న గాలి సంగతి అంత ముఖ్యం.

ఎయిర్ కూలర్ గురించి అడుగుతారని తెలుసు. గదిలో పెట్టుకోండి, కాని దాని గాలి నేరుగా కంప్యూటరు మీదికి కొట్టనీయకండి. తడిగాలితో పాటు ఉప్పు తుంపర వస్తుంది, ఆరాక తెల్ల పొడిగా మిగిలి చెమ్మ పట్టుకుంటుంది. ఐసు ముక్కలు పెడదామని కూడా ఒక కుర్రవాడు నాతో అన్నాడు. గది గాలి కంటే బాగా చల్లబరిస్తే చల్లని గ్లాసుకు పట్టినట్టు లోపల చెమట పడుతుంది. మదర్‌బోర్డు మీద ఆ చెమటే షార్టు.

నెలకొకసారి రేడియేటర్ రేకుల మధ్య దుమ్ము తీయాలి, దూది సీజనులో పదిహేను రోజులకొకసారి. వేళ్ళతో రేకులు నొక్కకూడదు, వంగుతాయి. గొట్టాల గుండా ద్రవం ఏళ్ళ మీద కొంచెం కొంచెంగా ఆవిరై పోతుంటుంది, ఇది లీకు కాదు. ఐదారేళ్ళు గడిచాక అదే పనికి వేడి ఎనిమిది పది డిగ్రీలు పెరిగినా, పంపు చప్పుడు మారినా కిట్ కాలం అయిందన్నట్టే. ఇప్పి బాగుచేయించే ప్రయత్నం చేయకుండా మార్చడమే మంచిది. అందుకే కొత్తగా బిగించిన రోజు గది వేడి, ప్రాసెసర్ వేడి, తేదీ ఒక చీటీ మీద రాసి డబ్బా లోపలి తలుపుకు అంటించాము. లాగ్ షీటు అలవాటు పోదు. బిల్లు మీద అక్షరాలు ఏడాదిలో మాసిపోతాయి, జిరాక్స్ తీయించి పెట్టుకోండి. వారంటీకి అదే ఆధారం.

టీ సిద్ధమైనట్టు అధ్యక్షులవారు సైగ చేస్తున్నారు. మీ ఇంట్లోని ప్రాసెసర్ పేరు, డబ్బా లోపలి కొలతలు, మధ్యాహ్నం మూడు గంటలకు గది వేడి, ఈ మూడూ చీటీ మీద రాసి ఇస్తే కిట్ కావాలో వద్దో ఇక్కడే కూర్చుని చూద్దాము. మా అమ్మాయి కూడా వచ్చింది, మూడో వరుసలో ఉంది. స్క్రూల సంగతి ఆమెను అడగండి. సెలవు.